నీలిమందును నిర్మించిన ఆడాల్ఫ్ ఫాన్ బేయరు

జర్మనీ దేశమందలి బెర్లిను నగరమున 1848 వ సంవత్సరము అక్టోబరు 31 వ తేదీన ఒక బాలుడు తన పదుమూడవ జన్మదినమున రెండు థాలరుల వెండినాణెములు వెచ్చించి అంగడిలో ఒక నీలిమందు గడ్డను కొనెను. ఆ వయసున బాలురు బొమ్మలనో, మిఠాయినో కొందురు. ఈ బాలుడు ఆ గడ్డను ఇంటికి గొనిపోయి, నూరి, కరగించి, కాచి, దానియందేమి దాగియున్నదో చూడగోరెను. ఆనాడు ఐరోపా అంగళ్లకు వచ్చు నీలిమందులో అధికభాగము హిందూదేశపు సరకు. గంగాతీరపు రైతు చెమట అందు కలిసియున్నదని ఆ బాలుడెరుగడు. తానొకనాడు ఆ పైరునకే గండము తెచ్చువాడనియు ఎరుగడు.

ఆ బాలుడే ఆడాల్ఫ్ బేయరు. ఆయన 1835 వ సంవత్సరము అక్టోబరు 31 వ తేదీన బెర్లిను నగరముననే జన్మించెను. తండ్రి యోహాను యాకోబు బేయరు ప్రష్యా సైన్యమున సేనాని. అంతకుమించి భూమిని కొలుచు విద్యయందు ఐరోపా ఖండమునకెల్ల పేరుగన్నవాడు. గొలుసు లాగి పొలముగట్టు కొలుచుట ఒక యెత్తు, దేశదేశముల సరిహద్దులు దాటి భూగోళపు వంపునే కొలుచుట మఱియొక యెత్తు. ఆ రెండవ పనికి పూనుకొనిన మహనీయుడాయన. కొలతలో వెండ్రుకవాసి తప్పును సహింపని ఆ తండ్రి గుణము కుమారునకు సంక్రమించినదని చెప్పవచ్చును. కాని కుమారుడు కొలిచినది భూమిని కాదు, కంటికి కానరాని అణువులను.

పండ్రెండవ యేటనే ఈ బాలుడు రాగియు, సోడియమును గల కార్బనేటు ద్వంద్వలవణమును క్రొత్తదానిని తయారుచేసెనట. విశ్వవిద్యాలయమున మొదట గణితమును భౌతికశాస్త్రమును చదివి, సైన్యమున ఒక యేడు కొలువుచేసి, తుదకు హైడెల్‌బర్గు నగరమునకు పోయి బున్సెను పండితుని ప్రయోగశాలయందు చేరెను. అచ్చటనే కెకూలే అను యువ ఆచార్యునితో పరిచయము కలిగెను. బెంజీను అణువు వలయాకారమని తరువాతికాలమున లోకమునకు చాటినవాడు ఈ కెకూలేయే. బేయరు అతనిని గురువుగా వరించి, 1858 లో పట్టము పుచ్చుకొని, ఆయన వెంట బెల్జియము దేశపు ఘెంటు నగరమునకును పోయెను.

1860 లో బెర్లిను నగరమందలి పారిశ్రామిక విద్యాలయమున ఆయనకు ఉద్యోగము దొరకెను. జీతము స్వల్పము, ప్రయోగశాల మాత్రము విశాలము. జీతమునుబట్టి కొలువు నెంచుకొనువారికి ఇది వెర్రిగా తోచును. బేయరు పండ్రెండేండ్లు అచ్చటనే యుండెను. 1868 లో అడెల్‌హైడు బెండెమాను అను యువతిని వివాహమాడెను. వారికి ఒక కుమార్తెయు ఇరువురు కుమారులును కలిగిరి.

ఆయన నీలిమందు పరిశోధన 1865 లో ఆరంభమయ్యెను. దాని స్వరూపమును తెలియనిదే ఆయన శ్రమ బోధపడదు కనుక, ఆ ముచ్చట కొంత చెప్పవలసియున్నది.

నీలి మనవారికి క్రొత్తది కాదు. అమరసింహుడు వనౌషధివర్గమున దానికి నీలి, కాల, రంజని మున్నగు అనేక నామములు చెప్పియున్నాడు. వానిలో గ్రామీణ యనునదియు నొకటి. పల్లెసీమల పైరు గనుక ఆ పేరు తగియున్నది. ఆలంకారికులు పూర్వరాగమును విభజించుచు, మిక్కిలి మెరయకున్నను మనసును వీడని ప్రేమకు నీలీరాగమని పేరిడిరి. మెరసి తొలగిపోవు దానిని కుసుంభరాగమనిరి. అద్దకపువాని బానలోని సంగతిని ఎరిగినవారే ఇట్టి పేర్లు పెట్టగలరు. నక్క నీలిభాండమున పడి అడవికి రాజైన పంచతంత్రకథ ఎల్లరకు తెలిసినదే. ఆ రంగు కడిగిన పోవునదియైనచో ఆ కథయే లేదు.

నీలి ఆకులో నీలిరంగు లేదు. కోసిన పైరును తొట్టిలో నీట నానవేసిన, ఆకులోని ఇండికాను అను పదార్థము పులిసి, చక్కెరభాగము వేరై, రంగులేని వేరొక ద్రవ్యము నీటిలోనికి దిగును. ఆ నీటిని వేరు తొట్టిలోనికి వదలి, కర్రలతోను తెడ్లతోను బాదుదురు. గాలి తగులగనే నీలము పుట్టి అడుగున పేరుకొనును. దానిని కాచి, పిండి, ఆరబెట్టిన నీలిమందు గడ్డలగును. అద్దకమునందు మరల వెనుకకు నడచిన చందము. గడ్డ నీట కరగదు కావున, బానలో పులియబెట్టి దానిని రంగుమాపి కరగింతురు. అందు ముంచి తీసిన గుడ్డ మొదట పసుపుపచ్చగానుండి, గాలిలో చూచుచుండగనే నీలమగును. నూలుపోగులలో దూరి, అచ్చటనే మరల గట్టిపడుటచేత ఆ రంగు ఉతుకులకు పోదు.

కడప, కర్నూలు, నెల్లూరు మండలములందు ఈ పైరు ఒకప్పుడు విరివిగా పండి, మద్రాసు రేవునుండి ఓడలకెక్కెడిది. ఆ పేరు చేసిన యాత్రయు విచిత్రము. సంస్కృతమందలి నీలశబ్దము అరబ్బుల నోట అల్‌నీల్ అయి, పోర్చుగీసువారి నోట అనిల్ అయ్యెను. 19 వ శతాబ్ది నడుమ ఫ్రిట్షె అను రసాయనజ్ఞుడు నీలిమందును క్షారముతో కాచి బట్టీపట్టగా ఒక తైలము లభించెను. దానికాయన అనిలీను అని పేరుపెట్టెను. నేటి రంగుల కర్మాగారములకు మూలద్రవ్యమైన అనిలీనునందు మన నీలపదము ఇట్లు నిలిచియున్నది.

ఇక బేయరు చేసినదేమి? సమాసమును నేర్చుకొను విద్యార్థి మొదట విగ్రహవాక్యము చెప్పి పదములను విడదీయును. పిదప ఆ పదములనే కూర్చి సమాసమును తిరిగి కట్టును. రెండును చేయగలిగిననాడే అర్థము చేజిక్కినట్లు. రసాయనశాస్త్రమునను అంతియే. బేయరు మొదట నీలిమందును విడదీయసాగెను. దానినుండి లభించు ఐసాటిను అను ద్రవ్యములోని ప్రాణవాయువును మెట్టుమెట్టుగా తీసివేసి, తుదకు తుత్తునాగపు పొడితో కలిపి కాచి బట్టీపట్టగా, 1866 లో నీలిమందు వంశమునకెల్ల మూలపురుషుడనదగిన ద్రవ్యము వెలువడెను. దానికి ఇండోలు అని పేరిడెను.

ఈ తుత్తునాగపు పొడి ఉపాయము స్వల్పముగా కనిపించును గాని దాని ఫలము గొప్పది. ఆయన ప్రయోగశాలయందే గ్రేబె, లీబర్మను అను యువకులిరువురు దానిని మంజిష్ఠజాతి వేరులోని అలిజరిను అను ఎర్రరంగుపై ప్రయోగించి, దాని మూలమును కనుగొని, 1868 లో దానిని చేతితో నిర్మించిరి. మచిలీపట్టణపు అద్దకమువారు చిరివేరునుండి తీయు ఎరుపునకును ప్రాణము ఈ అలిజరినే. కర్మాగారపు అలిజరిను వచ్చిన కొలది యేండ్లకే ఫ్రాన్సు దేశమున మంజిష్ఠపు తోటలు పాడువడెను. నీలికి రానున్న దినములకు ఇది తొలిశకునమని ఆనాడు గ్రహించినవారు అరుదు.

1870 లో బేయరు ఐసాటినును మరల నీలిమందుగా మార్చగలిగెను. ఇక ఐసాటినును నిర్మింపగలిగినచో పని ముగిసినట్లే. సరిగా ఆ సమయమున ఆయన ఆగిపోయెను. తానును ఐసాటిను నిర్మాణమునకై యత్నించుచున్నానని కెకూలే ప్రకటించుటయే దానికి కారణము. గురువు చేపట్టిన పనిలో శిష్యుడు చేయిపెట్టరాదని బేయరు ఎనిమిదేండ్లు ఊరకుండెను. విజయము గడపలోనికి వచ్చి నిలిచినప్పుడు ఇట్లు వెనుదిరుగుట ఎందరికి సాధ్యము! కెకూలే యత్నము ఫలింపలేదు. 1878 లో బేయరు తిరిగి ఆ పనికి పూనుకొని ఐసాటినును నిర్మించెను.

ఈ ఎనిమిదేండ్లును ఆయన వ్యర్థపుచ్చలేదు. 1871 లో ఫినాల్‌ఫ్తలీనును, ఫ్లోరెసీనును కనుగొనెను. మొదటిది నేడు ప్రతి ఉన్నతపాఠశాలలోను పిల్లలు చూచునదే. ఆమ్లమున రంగులేక, క్షారమున గులాబివన్నె దాల్చును. రెండవది వెలుతురును గ్రహించి పచ్చగా ప్రకాశించును; నేత్రవైద్యులు కంటిపొరపై గాయమును గుర్తించుటకు నేటికిని దానినే వాడుదురు. అంతకుమున్నే 1864 లో ఆయన బార్బిట్యూరిక్ ఆమ్లమును తయారుచేసియుండెను. ఆయన శిష్యుడు ఎమిలు ఫిషరు మొదలగువారు 1903 లో దాని సంతతినుండి నిద్రమందును తీసిరి.

1872 లో ఆయన స్ట్రాస్‌బర్గు విశ్వవిద్యాలయమునకును, 1875 లో మ్యూనికు నగరమునకును ఆచార్యుడై పోయెను. మ్యూనికులో అంతకుముందు ఆ పీఠము నలంకరించినవాడు లీబిగు మహాశయుడు. అచ్చట క్రొత్త ప్రయోగశాల వెలసెను. దేశదేశములనుండి శిష్యులు చేరిరి. బేయరునకు పెద్ద యంత్రములపై నమ్మకము లేదు. గాజుగొట్టములు, ఒక గాజుకడ్డీ, దీపము, ఇవి చాలును. శిష్యులొకమారు ద్రవములను కలియత్రిప్పు చిన్నయంత్రమును తెచ్చి పెట్టగా, ఆయన సందేహించుచునే చూచి, అది చక్కగా పనిచేయుటకు సంతోషించి భార్యను పిలిపించెనట. ఆ యిల్లాలు దానిని కొంతసేపు పరికించి, గ్రుడ్లసొనయు నూనెయు గిలకొట్టి చేయు వ్యంజనమునకు ఇది బాగుగా పనికివచ్చునని తీర్పుచెప్పెను. ప్రయోగము కోరినట్లు ఫలించినప్పుడు ఆయన నోట మాట రాదట. తలపైనుండు పాతటోపీని ఎత్తి గాజుగొట్టములోని ద్రవ్యమునకు వందన మాచరించునట.

1880 లో ఆయన దాల్చినచెక్క సంబంధియైన సిన్నమిక్ ఆమ్లమునుండి నీలిమందును నిర్మించు వేరొక మార్గము కనుగొని హక్కుపత్రము పొందెను. దానిని జర్మనీ దేశపు రెండు మహాకర్మాగారములు కొనినవి. రెండేండ్లకు డ్రెవ్సను అను సహాయునితో కలిసి మఱింత సులభమగు త్రోవను చూపెను. 1883 ఆగస్టు మాసమున కర్మాగారపు ముఖ్యుడగు కారో అను మిత్రునకు వ్రాసిన లేఖయందు, నీలిమందు అణువులో ఏ పరమాణువు ఏ తావున నున్నదో అన్నిటిని ప్రయోగపూర్వకముగా నిర్ణయించితినని తెలిపెను. కర్బనము పదునారు, ఉదజని పది, నత్రజని రెండు, ప్రాణవాయువు రెండు: ఈ ముప్పది పరమాణువుల కాపురమును తెలిసికొనుటకు ఆయనకు పదునెనిమిదేండ్లు పట్టెను. ఎక్స్-కిరణముల సహాయమున అణువుల రూపు చూచు విద్య అప్పటికి పుట్టలేదు. కాచుట, వడకట్టుట, తూచుట, ఊహించుట, ఇవియే సాధనములు.

ఈ రంగు ఎండకు వెలవకుండుటయు ఆ కాపురమందలి పొందికచేతనే. రంగుల గట్టిదనమును పరీక్షించువారు అద్దిన గుడ్డను సగము కప్పి, సగము ఎండకు విడిచి, కొన్నాళ్లకు రెండు సగములను పోల్చి చూతురు. అనేకవర్ణములు సూర్యకిరణముల తాకిడికి విరిగిపోవును. నీలి అణువు కిరణమును మ్రింగినంతనే, అందలి నత్రజనికి అంటియున్న ఉదజని ప్రక్కనున్న ప్రాణవాయువు వైపునకు క్షణములో వేయవవంతునకన్న తక్కువకాలమున జరిగి, మరల స్వస్థానము చేరునని, ఆ కదలికలో కిరణతాపము హానిచేయక వెడలిపోవునని ఇటీవలి పరిశోధకులు కనుగొనిరి. చర్మమును ఎండనుండి కాపాడుటకై నేడు పూయు లేపనములలోని ద్రవ్యములలోను కొన్ని ఇట్టి ఉపాయముననే పనిచేయును.

ప్రయోగశాలలో గెలిచిన నీలి అంగడిలో వెంటనే గెలువలేదు. బేయరు చూపిన మార్గములకు వలయు టొల్యూను అను సరకు చాలినంత లేదు; ఖర్చు అధికము. అద్దకమునకు పైరునీలియే చౌక. జర్మనీ కర్మాగారమువారు అయినను పట్టువిడువలేదు. 1890 లో హాయిమను అను పండితుడు వేరు మార్గములు చూపెను. వానిలో ఒకదానికి మూలద్రవ్యము నాఫ్తలీను. మనము బట్టలపెట్టెలలో వేయు కలరా ఉండలే. దానిని గంధకామ్లముతో కాచి మార్చుట మిక్కిలి మందముగా సాగుచుండెను. 1896 లో ఒకనాడు కాచుచున్న పాత్రలో ఉష్ణమాపకము పగిలి అందలి పాదరసము కలిసిపోయెను. పని చెడెననుకొనుచుండగా, అది మున్నెన్నడు లేని వేగమున సాగెను! పాదరసమే తోడుద్రవ్యమై పనిచేసెనని తేలెను. 1897 లో కర్మాగారపు నీలి అంగడికి వచ్చెను. దానికై ఆ సంస్థ వెచ్చించినది 1 కోటి 80 లక్షల బంగారు మార్కులు. 1901 లో ఫ్లెగరు అనునతడు అనిలీనునుండి మఱింత చౌకగా చేయు త్రోవను సరిపరచెను. నీలినుండి పేరు పొందిన అనిలీను ఇట్లు నీలికి తల్లియయ్యెను.

1897 లో లోకమున నీలిపైరు ఉండిన భూమి సుమారు 7,000 చదరపు కిలోమీటరులు, అనగా ఇంచుమించు 17 లక్షల ఎకరములు; అందు అధికభాగము హిందూదేశముననే. ఆ యేడు పైరునుండి వచ్చిన నీలిమందు 19,000 టన్నులు. 1914 నాటికి అది 1,000 టన్నులకు దిగజారెను. పదునేడేండ్లలో పందొమ్మిది పాళ్లకు ఒక పాలు మిగిలెను. రాయలసీమయందును నెల్లూరు సీమయందును నీలితొట్లు క్రమముగా ఎండిపోయినవి. ఇచ్చట రైతు తన యిచ్చవచ్చినట్లు పైరుచేసికొనువాడు కనుక వేరుశనగకో, ప్రత్తికో, జొన్నకో మరలగలిగెను. తొట్లు కట్టించినవారికిని, నీటిలో నిలిచి బాదెడి కూలివారికిని మాత్రము పూట గడచుట కష్టమయ్యెను.

బీహారు కథ వేరు. అచ్చట చంపారను మండలమున దొరల తోటల క్రింద నున్న రైతు ఇరువది కఠాల బిఘాకు మూడు కఠాలు నీలి వేయక తీరదు. దానికే తీన్‌కఠియా అని పేరు. అంతకుపూర్వము, బేయరు బెర్లిను విద్యాలయమున కొలువున చేరిన 1860 నాటికే, వంగదేశపు రైతులు ఈ దౌర్జన్యముపై తిరుగబడియుండిరి. జర్మనీ నీలి వచ్చి ధర పడిపోయినప్పుడు, చంపారను దొరలు నష్టమును తాము భరింపక రైతునెత్తిన పెట్టిరి. శాశ్వతమైన కౌలుగల భూములలో నీలి వేయు బాధ్యతనుండి విడిచిపెట్టుటకు ప్రతిఫలముగా శిస్తు పెంచిరి. దానిని శరహ్‌బేషి యనిరి. తాత్కాలికపు కౌలుభూములలో ఒకేసారి రొక్కము గుంజిరి. దానిని తావాను అనిరి. పైరు వేసినను దండుగ, మానినను దండుగ.

ఈ పాపములో బేయరునకు భాగము గలదా యని కొందరడుగుదురు. ఒక అణువు రూపు తెలియగోరినవానిపై ఆ నేరము మోపుట న్యాయము కాదు. నీలి ధర పడిపోవుట ఆయన పరిశోధనవలన కలిగిన ఫలమే, దానిని కప్పిపుచ్చనక్కరలేదు. కాని పడిన ధర భారమును ఎవరు మోయవలెనని నిర్ణయించినది గాజుగొట్టము కాదు, శిస్తుచిట్టా. ఆ చిట్టా వ్రాయించినవారు వేరు.

బేయరు 1880 లకు తరువాత నీలి వ్యవహారమునుండి తొలగి, వలయాకారపు అణువుల బిగువును గూర్చియు, బెంజీనును గూర్చియు, చెట్లనుండి వచ్చు సుగంధతైలములలోని టర్పీనులను గూర్చియు పరిశోధించెను. ఏబదవ జన్మదినమున బవేరియా రాజు ఆయనకు కులీనపదవి నొసగెను. నాటినుండి ఆయన ఫాన్ బేయరు. 1905 లో నోబెలు బహుమానము లభించెను. ఎనుబదియేండ్లు నిండువరకు పాఠము చెప్పెను.

తుదిదినములు సుఖమైనవి కావు. 1914 లో మహాసంగ్రామము చెలరేగెను. కుమార్తె భర్త ఓస్కారు పిలోటి, తానును రసాయనాచార్యుడు, 1915 అక్టోబరులో ఫ్రాన్సు యుద్ధరంగమున కూలెను. జర్మనీ ఓడలు సముద్రముపై నిలువలేకపోగా కర్మాగారపు నీలి లోకమునకు రాకపోయెను. హిందూదేశపు పైరునీలికి మరల కొన్నాళ్లు ధర వచ్చెను. చంపారను దొరలు తీన్‌కఠియాను మరల బిగించిరి.

1917 ఏప్రిలు మాసమున రాజకుమార శుక్లుడను రైతు పట్టుదలచేత గాంధీ మహాత్ముడు చంపారనునకు వచ్చెను. బాబూ రాజేంద్రప్రసాదు మొదలగువారు ప్రక్కనుండి వేలకొలది రైతుల వాఙ్మూలములు వ్రాసికొనిరి. ప్రభుత్వము విచారణసంఘమును నియమించి గాంధీగారిని అందు సభ్యునిగా చేర్చెను. ఆ సంఘము నియమితమైన కొలది వారములకు, ఆగస్టు 20 వ తేదీన, మ్యూనికునకు చేరువనున్న స్టార్న్‌బర్గులో సరస్సు దరినున్న తన యింట ఆడాల్ఫ్ ఫాన్ బేయరు కన్నుమూసెను. ఆయన వయసు అప్పటికి ఎనుబదియొకటి. విచారణసంఘము అక్టోబరులో నివేదిక సమర్పించెను. తావాను క్రింద దొరలు గుంజిన రొక్కములో నాల్గవవంతు రైతులకు తిరిగి చెల్లెను. పెంచిన శిస్తు తగ్గెను. 1918 లో వచ్చిన చట్టముచేత తీన్‌కఠియా రద్దయ్యెను.